నల్లపొడి సాక్ష్యం

"ఇది మూడో గ్లాసు. బాగా చూసుకో, అమ్మాయ్!"

మామగారు గ్లాసెత్తి గటగటా తాగేశారు. మూతి తుడుచుకొని ఖాళీ గ్లాసును బల్లమీద ఠక్కున పెట్టారు.

"పరగడుపునే అన్నేసి నీళ్ళెందుకు మామయ్యా?" అంది కోడలు, తన టిఫిన్ డబ్బాకి మూత పెడుతూ.

"నా బావి, నా నీళ్ళు, నా పొట్ట. ముప్ఫై ఏళ్ళుగా తాగుతున్నాను. విషమైతే ముందు నాకే తెలియాలి."

"విషమని నేనన్నానా?"

"అనలేదు. నోటితో అనకుండా బావి మీద చెక్క వేయించావు."

అద్దం ముందు యూనిఫాం గుండీలు పెట్టుకుంటున్న కొడుకు వెనక్కి తిరక్కుండానే అందుకున్నాడు. "నాన్నా, ఇన్ని నీళ్ళు తాగి ఇవాళ నా బస్సు మాత్రం ఎక్కకండి. స్టాపు లేని చోట ఆపను."

ఎవరూ నవ్వలేదు. నవ్వు రాక కాదు, పంతాలున్న ఇంట్లో ముందు నవ్వినవాళ్ళు ఓడిపోయినట్టు లెక్క. వెనక వరండాలో తప్పులు దిద్దడానికి వచ్చిన అచ్చు కాగితాల మీద వంగి ఉన్న అత్తగారు మాత్రం ఎర్ర పెన్సిల్‌ని పెదాలకు అడ్డం పెట్టుకున్నారు.

బావి మూతపడి అది నాలుగో రోజు. వీధిలో కుళాయిలు లేక కాదు. కానీ తాగే నీళ్ళకి మాత్రం పదిళ్ళవాళ్ళు ఈ పెరట్లోకే వస్తారు. పొద్దున్నే గిలక కిర్రుమంటే గానీ అత్తగారికి తెల్లవారినట్టుండదు. నీళ్ళు తోడుకునేవాళ్ళతో నాలుగు మాటలు, వాళ్ళ పిల్లల చదువులు, మోకాళ్ళ నొప్పులు, అన్నీ ఆ గట్టు మీదే. ఇప్పుడు గిలక ఊరుకుంది. వీధి మాట్లాడుతోంది.

మాట్లాడేలా చేసింది కోడలే. నీళ్ళలో మందులు వెతకడం ఆమె ఉద్యోగం. జనం మింగినవీ పారేసినవీ చివరికి ఏట్లోకో బావిలోకో చేరతాయి. చేరేది కూడా ఎంతని, ఈత కొలనంత నీళ్ళలో చిటికెడు. దాన్ని పట్టడానికి ల్యాబులో నల్లటి పొడి ఒకటుంది. ఇనుప రేణువులే, కానీ వెంట్రుక మందంలో వేలకు వేలు ఇమిడిపోయేంత చిన్నవి. నానో రేణువులంటారు. వాటికి వేసిన పూత మందు కనిపిస్తే వదలదు. సీసా నీళ్ళలో చిటికెడు పొడి వేసి కుదిపి, పక్కన అయస్కాంతం పెడితే, పొడంతా మందును పట్టుకొని గాజుకు వచ్చి అతుక్కుంటుంది. నీళ్ళు వంపేసి, ఆ పొడిని నాలుగు చుక్కల స్పిరిట్‌తో కడిగితే మందు ఊడి వస్తుంది. ఎంతుందో మిషను చెబుతుంది. రక్తానికీ అదే పద్ధతి.

ఈ సంగతి విన్న రోజునే మామగారు కోడలికి 'అయస్కాంతం' అని పేరు పెట్టారు. "ఏమోయ్ అయస్కాంతం, ఇవాళ ఏం పట్టావు?" అని గుమ్మంలోనే పలకరించేవారు. నాలుగు రోజులుగా ఆ పిలుపు లేదు. 'అమ్మాయ్' అంటున్నారు. ఆమెకి ఆ మాటే ఎక్కువగా గుచ్చుకుంటోంది.

తప్పు ఆమెదే, ఆ మాటకొస్తే. ఏ పరీక్షకైనా ముందు ఏ మందూ లేని నీళ్ళు కొలవాలి. ల్యాబులో వాటిని 'సున్నా నీళ్ళు' అంటారు. ఏటి నీళ్ళతో పోల్చడానికి ఉప్పూ మన్నూ ఉన్న నీళ్ళయితేనే బాగుంటుందని ఆమె ఇంటి బావి నీళ్ళు పట్టుకెళ్ళింది. మా బావి కంటే శుభ్రమైన నీళ్ళు ఎక్కడుంటాయి అన్న ధీమా ఒకటి. నాలుగు నెలలు అవే వాడింది. పోయిన వారం పెద్ద మేడమ్ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, "నీ సున్నా సున్నాగా ఎందుకు లేదు?" అని అడిగారు. చూస్తే బావి నీళ్ళలో ఫిట్స్ మందు ఉంది. అత్తగారు వాడేదే. అదీ ఒంట్లోకి వెళ్ళి వచ్చింది కాదు. ఒంట్లోకి వెళ్ళిన మందు చాలావరకు రూపం మార్చుకునే బయటికి వస్తుంది. ఇది మాత్రలో ఉన్నది ఉన్నట్టు నీళ్ళలో పడ్డ మందు.

ముప్ఫై ఏళ్ళు మందుల కొట్టు నడిపిన మనిషి ఉన్న ఇల్లు. నాలుగేళ్ళ కిందట కొట్టు మూసేశారు. ఇంక వీధికి వేరే ఎవరి మీద అనుమానం వస్తుంది? కోడలు ఒక్కసారే అడిగింది, అదీ మెల్లగా. "పాత మందులేమైనా పెరట్లో పారబోశారా మామయ్యా?" ఆ ఒక్క మాటకి ఆయన ముఖం మాడిపోయింది.

"మిగిలిన ప్రతి మాత్రల అట్టా కంపెనీకి తిప్పి పంపాను," అన్నారు అప్పుడు. ఇప్పుడూ అదే అన్నారు. "సాయంత్రం ఐదింటికి వీధివాళ్ళు వస్తారట, నన్ను నిలదీయడానికి. టైలరు కబురు పంపాడు. వాడి కోడలు నిండు నెలల మనిషి. వాడు అడగడంలో తప్పు లేదు. కానీ నేనేం చెప్పను? చెయ్యని పనికి ఏమని చెప్పను?"

"చెయ్యలేదని చెప్పండి."

"చెబితే నమ్ముతారా? ఇంట్లో కోడలే నమ్మలేదు."

కోడలు సంచి భుజాన వేసుకొని బయటపడింది.

*

ల్యాబులో ఆమె కోసం అత్తగారి రక్తం ఎదురుచూస్తోంది.

రక్తం సంగతి మొన్న భోజనాల దగ్గర వచ్చింది. పొడి సరిగ్గా పనిచేస్తోందో లేదో తేలాలంటే, ఆ మందు తప్పకుండా ఉన్న రక్తం ఒకటి కావాలి. "మీరు రోజూ వేసుకుంటారు కదా అత్తయ్యా, చిన్న సీసాడు ఇవ్వండి," అని అడిగింది కోడలు. అత్తగారు సూదంటే భయమన్నారు. నీరసమన్నారు. మంగళవారమన్నారు. "ఇవ్వవే! నీ రక్తం సాక్ష్యం చెబితే ఆ పొడి మంచిదో చెడ్డదో తేలిపోతుంది," అని మామగారు గదమాయించాక, ఎందుకో ఆవిడ చటుక్కున ఒప్పేసుకున్నారు.

కోడలు మూడు సీసాలు వరసగా పెట్టింది. ఒకటి మందు లేని రక్తం. రెండోది కొలిచి మందు కలిపిన రక్తం. మూడోది అత్తగారిది. మూడింటిలోనూ చిటికెడు నల్లపొడి వేసి కుదిపింది. అయస్కాంతాలు ఆనించింది. పొడి గాజు మీదికి వచ్చి అతుక్కుంటుంటే చూడటం ఆమెకి ఎప్పుడూ ఇష్టమే. ఎంత దిగులుగా ఉన్నా ఆ రెండు నిమిషాలూ మనసు తేలిగ్గా ఉంటుంది.

మిషను మొదటిదానికి సున్నా అంది. రెండోదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మూడోదానికి మళ్ళీ సున్నా అంది.

మళ్ళీ చేసింది. సున్నా. ఇంకోసారి. సున్నా. నాలుగోసారికి పెద్ద మేడమ్ వచ్చి వెనక నిలబడ్డారు.

"పొడి తప్పా, మనిషి తప్పా?"

"పొడి బాగానే ఉంది మేడమ్. కలిపిన మందును సరిగ్గా పట్టింది."

"మరి మీ అత్తగారు మాత్ర వేసుకుంటారని ఎవరు చెప్పారు?"

"మా మామయ్య స్వయంగా చేత్తో ఇస్తారు. రెండు పూటలా."

"ఇవ్వడం వేరమ్మా, మింగడం వేరు." కాగితం మీద అంకెలు చూసి మేడమ్ వెళ్ళిపోయారు.

కోడలు స్టూలు మీద అలాగే కూర్చుండిపోయింది. ఇంటికి వచ్చి ఆరేళ్ళు. రోజూ చూస్తున్నదే. మామగారు గడియారం చూసుకొని, మాత్రా మంచినీళ్ళూ తెస్తారు. అత్తగారు నోట్లో వేసుకొని, రెండు గుక్కలు తాగి, తల ఊపి, పెరట్లోకి వెళ్ళి చేతులు కడుక్కుంటారు. బట్టలుతికే బండ దగ్గర. మాత్ర వేసుకున్నాక ఎవరైనా చేతులు కడుక్కుంటారా? ఆ బండ మీద నీళ్ళు తూములోంచి ఇంకుడు గుంతలోకి పోతాయి. గుంతకీ బావికీ పది అడుగులు.

కళ్ళ ముందున్నది కనపడలేదు గానీ ఏట్లో చిటికెడు వెతుకుతానని జీతం తీసుకుంటున్నాను, అనుకుంది. నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. మేడమ్‌ని అడిగి మధ్యాహ్నమే ఇంటికి బయల్దేరింది.

*

సంచి భోజనాల బల్ల మీద పడేసి ఆమె తిన్నగా వెనక వరండాలోకి వెళ్ళింది. అత్తగారు అక్కడే ఉన్నారు. ఒళ్ళో కాగితాలు పొద్దున్న ఏ పేజీ దగ్గర ఉన్నాయో ఆ పేజీ దగ్గరే ఉన్నాయి.

"అత్తయ్యా, మాత్ర వేసుకున్నాక చేతులెందుకు కడుక్కుంటారు?"

"అలవాటు."

"చేతులేనా?"

అత్తగారు పెన్సిల్ చెవి మీద పెట్టుకున్నారు. మళ్ళీ తీశారు. "చెప్పేసిందా నీ నల్లపొడి?"

"చెప్పేసింది."

"పొరపాటేమో, ఇంకోసారి అడగలేకపోయావా?"

"నాలుగుసార్లు అడిగాను. ఒకటే మాట."

"మొండిది. దాన్ని పెంచినదాని పోలికే." ఆవిడ నవ్వబోయారు గానీ సగంలో నవ్వు ఆగిపోయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాలుగేళ్ళయిందే. ఆయన కొట్టు మూసిన ఏడాది నుంచి."

"ఎందుకండీ?"

"ఆ మాత్రతో అక్షరాలు రెండేసి కనిపించేవి. ప్రతి లైనుకీ కింద ఇంకో లైను, కవల పిల్లల్లా. ఎనిమిదేళ్ళు ఒక్క ప్రూఫు ముట్టుకోలేదు నేను. ఇరవై ఏళ్ళు చేసిన పని. కాగితం వాసన వస్తే ఏడుపొచ్చేది. ఎప్పుడో పన్నెండేళ్ళ కిందట రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. రెండేళ్ళు వాడి మళ్ళీ రమ్మన్నాడు డాక్టరు. మీ మామయ్య వెళ్ళనిస్తేగా! తగ్గించమంటాడేమోనని భయం. ఆ రోజు నేను నేల మీద కొట్టుకుంటుంటే తల ఒళ్ళో పెట్టుకున్నది ఆయనే. నాకు ఏమీ గుర్తులేదు. ఆయనకి ఉంది."

"అందుకని చెప్పకుండా మానేశారా? హఠాత్తుగా ఆపితే ఎంత ప్రమాదమో తెలుసా?"

"ఏమీ కాలేదు కదా."

"కాలేదు కాబట్టి సరిపోయింది. అయ్యుంటే?"

అత్తగారు తల వంచుకున్నారు. "రెండు నెలలకి అక్షరం ఒక్కటిగా కనిపించింది. ఆ రోజు సంతోషం నీకెలా చెప్పను! మీ మామయ్య తను కొన్న కళ్ళజోడు మహిమ అని వీధంతా టముకు వేశారు."

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకొని నవ్వారు. మామగారి కళ్ళజోడు కథ వినని మనిషి ఆ చుట్టుపక్కల లేడు.

"ఆయనకి చెప్పాల్సింది," అంది కోడలు నవ్వు సర్దుకొని.

"రోజూ అనుకునేదాన్ని. కానీ కొట్టు మూశాక ఆయనకి మిగిలిన కొలువు ఇదొక్కటే. రోజుకి రెండుసార్లు పై గుండీ కూడా పెట్టుకొని, గల్లాపెట్టె వెనక నిలబడ్డట్టే నిలబడి ఇస్తారు. ఆ ముఖం చూస్తూ 'నాకొద్దు' అని ఎలా అనను? ఇప్పుడు చూడు, నేను ఉమ్మిన మందు బావిలో చేరింది, నింద ఆయన మీద పడింది. బావి మూసిన రోజే నాకర్థమైంది. నాలుగు రోజులుగా పెన్సిల్ పట్టుకొని కూర్చున్నాను, ఒక్క తప్పు దిద్దలేదు. రక్తం అడిగినప్పుడు, పోనీ అదైనా చెప్పేస్తుందిలే అనుకున్నాను."

"ఐదింటికి వాళ్ళొస్తారు. ఈలోపు మామయ్యకి చెప్పండి."

"చెబుతాను. నేనే చెబుతాను. నువ్వు మాత్రం నోరు విప్పకు."

"విప్పను. కానీ ఆయన అందరి ముందు తల దించుకునేదాకా ఆగలేను అత్తయ్యా."

"నేను మాత్రం ఆగుతానా?" అన్నారు అత్తగారు.

లోపల వంటింట్లో గిన్నెలు కడుగుతున్న చప్పుడైంది. మామగారు కోడలి టిఫిన్ డబ్బా కడుగుతున్నారు. ఆమె పనికి వెళ్ళడం మొదలుపెట్టిన నాటి నుంచి అది ఆయన పని. సంచిలోంచి డబ్బా తీసి, కడిగి, బోర్లిస్తారు. ఈ నాలుగు రోజులూ మాటలు తగ్గాయి గానీ డబ్బా మాత్రం కడగకుండా లేదు.

అత్తగారు ధైర్యం కూడదీసుకొని లేచి లోపలికి వెళ్ళేసరికి వంటింట్లో ఎవరూ లేరు. డబ్బా బోర్లించి ఉంది. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకొని వీధిలోకి వెళ్ళిపోయారు.

*

ఐదింటికి ఆయనే ముందు నడుస్తూ అందర్నీ వెంటబెట్టుకొచ్చారు. టైలరు, మూలింటి టీచరమ్మ, ఇంకో ఏడెనిమిది మంది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన కొడుకు కుర్చీలు చాలక బావి గట్టే చూపించాడు. మూసిన బావి చుట్టూ అందరూ సర్దుకున్నారు.

"మేం దెబ్బలాటకి రాలేదు మాస్టారూ," అన్నాడు టైలరు, టేపు ఇంకా మెడలోనే ఉంది. "మీ నీళ్ళు తాగి పెరిగాం. ఏం కలిసిందో, ఎలా కలిసిందో తెలిస్తే చాలు. ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఉంది."

"కలిసింది చాలా కొంచెం," అంది కోడలు. "ఒక్క మాత్రంత మందు ఒంట్లోకి చేరాలంటే ఈ నీళ్ళు నూటయాభై ఏళ్ళు తాగాలి. అయినా ఒకరి మందు ఇంకొకరు తాగకూడదు. అందుకే మూశాం. బావి తోడించి, గుంత చోటు మార్చి, మళ్ళీ కొలిచి నేనే చెబుతాను."

"ఎలా కలిసిందీ?" అంది టీచరమ్మ. బడిలో అడిగినట్టే అడిగింది.

అత్తగారు గుమ్మంలోంచి ఒక అడుగు ముందుకు వేశారు. "అది..."

"నేనే పారబోశాను," అన్నారు మామగారు.

గట్టు మీద కూర్చున్నవాళ్ళంతా ఆయన వైపు తిరిగారు.

"కొట్టు మూసినప్పుడు కొన్ని అట్టలు మిగిలాయి. ఆ తూములో వేశాను. ఇన్నాళ్ళూ ఒప్పుకోవడానికి నామోషీ వేసింది. మందులు అమ్మినవాణ్ణి, నాకు తెలిసుండాల్సింది. తప్పు నాది. నన్నేమైనా అనండి, ఇంట్లోవాళ్ళ జోలికి మాత్రం రాకండి."

అత్తగారు గుమ్మాన్ని పట్టుకొని నిలబడిపోయారు. కోడలు ఆయన వంక చూసింది. అబద్ధం చెప్పే మనిషి కాదు. పొద్దున్న మూడు గ్లాసులు తాగి మరీ వాదించిన మనిషి!

టైలరు చాలాసేపు టేపు చుట్టాడు, విప్పాడు. "ఒప్పుకున్నారు, అది చాలు," అన్నాడు చివరికి. టీచరమ్మ మాత్రం "పెద్దవారు, మీరే ఇలా చేస్తే ఎలాగండీ" అంటూ లేచింది. మామగారు ఆ మాటకి తల దించుకున్నారు. తిరిగి వెళ్ళేవాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఆయన వైపు చూడకుండానే వెళ్ళారు.

తలుపు వేశాక కొడుకు తండ్రి ఎదురుగా నిలబడ్డాడు. "పొద్దుటిదాకా లేదన్నారు కదా నాన్నా?"

"పొద్దున్న గుర్తులేదురా. మూడు గ్లాసులు తాగాక గుర్తొచ్చింది." మామగారు చొక్కా చేతులు మడుచుకున్నారు. "ఏమోయ్ అయస్కాంతం, నీళ్ళు సరే, కాస్త టీ అయినా తాగనిస్తావా?"

నాలుగు రోజుల తర్వాత వినిపించిన ఆ పిలుపుకి కోడలు తల ఊపి లోపలికి వెళ్ళింది. బల్ల మీద సంచి ఉంది. మేడమ్ చూసిన కాగితం అందులోనే ఉండాలి. చెయ్యి పెట్టి తీసింది.

ల్యాబులో ఆమె ఆ కాగితాన్ని మామూలుగా నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. ఇప్పుడది పొట్లంలా ఉంది. మూడు మూలలూ లోపలికి, నాలుగో మూల దోపుడు. ముప్ఫై ఏళ్ళు మందు పొడులు కట్టి ఇచ్చిన చేతికి, చదివిన కాగితాన్ని ఇంకోలా మడవడం తెలియదు.

నీళ్ళు: ఉంది. అత్తగారి రక్తం: లేదు. రెండే ముక్కలు. ఆ రెండూ చదివి, డబ్బా కడిగి బోర్లించి, ఇస్త్రీ చొక్కా వేసుకొని, నింద మోయడానికి తనే నడుచుకుంటూ వెళ్ళారన్నమాట. కోడలు పొట్లాన్ని గుప్పిట్లో బిగించి, మామగారికి కనపడకుండా కళ్ళు తుడుచుకుంది. ఆ క్షణాన ఈ ఇంటికి కోడలైనందుకు ఆమెకి ఎంత గర్వం వేసిందో!

కానీ మాటిచ్చింది, నోరు విప్పకూడదు. ఆయనకి తెలుసని ఆవిడకి తెలియదు. తనకి తెలిసిందని ఆయన చెప్పరు.

టీలు అయ్యాయి. ఆరున్నర అయింది. మామగారు గడియారం చూసుకున్నారు. పై గుండీ పెట్టుకున్నారు. మాత్రా, గ్లాసూ పట్టుకొని వరండాలోకి వచ్చారు. గ్లాసులో నీళ్ళు కుళాయివి.

"తీసుకో."

అత్తగారు ఆయన ముఖంలోకి చూశారు. చెప్పడానికి పెదాలు కదిలాయి. ఇవాళ తన కోసమని తెలిసో తెలియకో అంత మాట పడ్డ మనిషికి ఇంకా ఏమని చెప్పాలో తోచక, అలవాటు చొప్పున మాత్ర అందుకొని నోట్లో వేసుకున్నారు. రెండు గుక్కలు తాగారు. తల ఊపారు. లేచి పెరటి వైపు తిరిగారు.

మామగారు గ్లాసు కింద పెట్టి, భుజాన ఉన్న తువ్వాలు సర్దుకున్నారు.

"పద, చేతులు కడుక్కుందాం. ఇవాళ నేనూ వస్తాను."

గడప మీద అత్తగారి కాలు ఆగిపోయింది. మాత్ర ఇంకా ఆవిడ బుగ్గనే ఉంది.